పాశమైలారం పిల్లవాడి చేతికి ఏ పుస్తకం ఇద్దాం?

మగపిల్లలు పుస్తకాలు చదవడం లేదన్న ఫిర్యాదు ఇవాళ బడిలో, ఇంట్లో, సాహిత్య సభల్లో ఒకేలా వినిపిస్తోంది. నేరమంతా సెల్‌ఫోన్ మీద మోపి చర్చను అక్కడితో ముగించడం కూడా అలవాటైపోయింది. అయితే సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసున్న దళిత, బహుజన, ముస్లిం, వలస కార్మిక కుటుంబాల కుర్రాళ్ల విషయంలో ఈ ఫిర్యాదును తిరగేసి చూడవలసి ఉంది. వాళ్లు చదవదగినది మనం ఏమి రాశాం? రాసినదాంట్లో ఎంత వాళ్ల చేతిదాకా చేర్చాం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే, పఠనాసక్తి వ్యక్తిగత అభిరుచి మాత్రమే కాదనీ, దానికీ కులానికీ లోతైన సంబంధం ఉన్నదనీ తేలుతుంది.

ముందుగా వాస్తవ స్థితిని చూద్దాం. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల గ్రామీణ యువతపై ‘అసర్’ 2023లో జరిపిన సర్వేలో దాదాపు నాలుగోవంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. చదవగలిగిన ఆడపిల్లలు 76 శాతం కాగా, మగపిల్లలు 70.9 శాతం మాత్రమే. ఈ వయసువారిలో 86.8 శాతం మంది ఏదో ఒక విద్యాసంస్థలో పేరు నమోదైనవారే. బడిలో పేరుండటం వేరు, అక్షరం వశం కావడం వేరు అని ఈ అంకెలు చెబుతున్నాయి. ఆడపిల్లల పరిస్థితి బాగున్నదని దీనికి అర్థం కాదు. వాళ్ల చదువును పెళ్లి, ఇంటిచాకిరీ తెంచుతున్నాయి. మగపిల్లల చదువును కూలి తెంచుతోంది. రెండు రకాల తెంపులకూ మూలంలో పేదరికమూ, దాని వెనుక కులమూ ఉన్నాయి.

పటాన్‌చెరు ప్రాంతానికి ఒక విచిత్రమైన భౌగోళిక స్వభావం ఉంది. 1972లో స్థాపితమైన అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇక్కడే ఉంది. కందిలో ఐఐటీ ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నాయి. వీటి మధ్యనే పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి రసాయన, ఔషధ పరిశ్రమల వాడలున్నాయి. నక్కవాగును విషమయం చేసిన వ్యర్థాలపై దశాబ్దాల పాటు పోరాడిన డాక్టర్ కిషన్‌రావు వంటి వారి చరిత్ర కూడా ఈ నేలదే. ప్రభుత్వరంగ సంస్థల్లో రిజర్వేషన్ ఉండటం వల్ల ఒక తరం దళిత, వెనుకబడిన కులాల కార్మికులకు శాశ్వత ఉద్యోగంతో పాటు క్వార్టర్లు, పిల్లలకు బడి, ఆటస్థలం దక్కాయి. ఆ తర్వాత వచ్చిన ప్రైవేటు కర్మాగారాల్లో రిజర్వేషన్ లేదు, శాశ్వత ఉద్యోగమూ అరుదు. కాంట్రాక్టరు ఇచ్చిన గేటు పాసే అక్కడి కూలికి గుర్తింపు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు మరణించినప్పుడు, వారిలో అత్యధికులు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారని లోకానికి తెలిసింది. అట్లాంటి కుటుంబాల పిల్లలే ఈ వాడల్లోని సర్కారు బడుల్లో స్థానిక పిల్లల పక్కన కూర్చుంటున్నారు.

2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కానీ పద్దెనిమిది నిండిన మర్నాడే ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది. ఆ గేటు వైపు నడక మాత్రం పదిహేనేళ్లకే మొదలవుతుంది. తండ్రి రాత్రి షిఫ్టు, తల్లి క్యాంటీన్ పని, అద్దె గది కోసం వెళితే కులం ఆరా తీసే ఇంటి యజమాని, కాలువలూ ట్యాంకులూ శుభ్రం చేసే పనికి ఎవరిని పిలుస్తారో చెప్పకనే తెలిసిపోయే లోకజ్ఞానం, ఇవన్నీ ఆ వయసులోనే పిల్లవాడికి అనుభవంలోకి వస్తాయి. మగవాడు ఏడవకూడదు, అవమానాన్ని బయటపెట్టకూడదు అన్న కట్టుబాటు ఒకటి అదనం. చెప్పుకోవడానికి మాటలు లేని అవమానం లోపలే గడ్డకట్టి, తాగుడుగానో దొమ్మీగానో బయటికొస్తుంది. ఆ అనుభవానికి మాటలు దొరకాలంటే, అటువంటి అనుభవం గల మరో పిల్లవాడి కథ అతనికి ఎదురుపడాలి. ఎదిగే వయసు నవల చేయగల పని అది.

తెలుగు బాల్య సాహిత్యం గొప్పదే. మొక్కపాటి పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు పోయి నవ్వించాడు. ముళ్లపూడి బుడుగు మూడు తరాలను ఆకట్టుకున్నాడు. అయితే ఆ ఇళ్లలోని పిలుపులు, వంటలు, తీరిక, అల్లరికి దొరికే క్షమాపణ ఒక సామాజిక వర్గానికి చెందినవి. మాదిగవాడలో పిల్లవాడు అంత అల్లరి చేస్తే దాన్ని లోకం అల్లరి అనదు, మరో పేరు పెడుతుంది. బడిలో చదివిన తెలుగు పాఠాలు తన ఇంటికి, తన కులానికి ఎంత పరాయివో కంచ ఐలయ్య 1996లో వెలువడిన తన ప్రసిద్ధ ఆంగ్ల గ్రంథంలో వివరించారు. కాళిదాసైనా షేక్‌స్పియరైనా గొల్ల, కుర్మ పిల్లలకు సమాన దూరంలోనే ఉన్నారన్నది ఆయన వాదన. ఆ వాదనతో ఏకీభవించనివారు కూడా అది లేవనెత్తిన ప్రశ్నను దాటవేయలేరు.

ఈ ప్రశ్న మనకే పరిమితం కాదు. పుస్తకం పిల్లలకు తమను చూపే అద్దంగానూ, ఇతరుల లోకాన్ని చూపే కిటికీగానూ ఉండాలని అమెరికన్ విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ప్రతిపాదించారు. 2013లో అమెరికాలో వెలువడిన 3,200 బాలల పుస్తకాల్లో నల్లజాతి వారి గురించినవి 93 మాత్రమేనని చెబుతూ, నల్లజాతి రచయిత వాల్టర్ డీన్ మైయర్స్ మరుసటి ఏడాది ఆవేదన వ్యక్తం చేశారు. మన దగ్గర అటువంటి లెక్క తీసే ఏర్పాటే లేదు. ఏ కులం పిల్లవాడు ఎన్ని కథల్లో నాయకుడయ్యాడో లెక్కించే విశ్వవిద్యాలయ శాఖ ఒకటైనా ముందుకు రావాలి.

అట్లాగని మన అల్మారా పూర్తిగా ఖాళీ కాదు. వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) జీతగాడి బతుకులోంచి లేచిన మాదిగ పిల్లవాడి కథను ఆ వాడ భాషలోనే చెప్పింది. వికారాబాద్ జిల్లా పెద్దేముల్‌కు చెందిన గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ కథలు సంగారెడ్డి పిల్లలకు పొరుగింటి మాటల్లా వినిపిస్తాయి. కూతురిని జోగినిగా మార్చాలని ఊరు పట్టుబడితే, ఆమెను హాస్టల్ చదువుకు పంపి తాను నష్టపోయిన తండ్రి అందులో ఉన్నాడు. మగతనమంటే ఏమిటో అంతకన్నా బాగా చెప్పే పాఠం మగపిల్లలకు వేరే అక్కర్లేదు. రైల్వే కూలీగా మొదలై పిల్లలను ఉన్నత చదువులకు పంపిన మాదిగ కుటుంబ చరిత్ర వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ముస్లిం పిల్లవాడి ఆకలినీ నవ్వునూ కలిపి చెప్పాయి. సహవాసి తెలుగులోకి తెచ్చిన ‘ఏడు తరాలు’ తొలి భాగం ఆఫ్రికా పల్లెలో కుంటా కింటే అనే పిల్లవాడు యువకుడయ్యే కథే. బాలల కోసమే దళిత, ముస్లిం జీవితాలతో పుస్తకాలు తెచ్చిన ‘అన్వేషి’ ప్రయత్నమూ ఉంది. ఇవన్నీ విశ్వవిద్యాలయ సదస్సుల్లో చర్చకు వచ్చాయి. పాశమైలారం ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి గదికి వీటిని తీసుకువెళ్లే దారి మాత్రం పడలేదు.

ఈ పుస్తకాలు అట్టడుగు కులాల పిల్లలకే అవసరమనుకోవడం పొరపాటు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ను కులం పేరుతో చంపించిన ఘటన తర్వాత, చంపించినవారిని సామాజిక మాధ్యమాల్లో కీర్తించినవాళ్లలో కుర్రాళ్లూ ఉన్నారు. కులగర్వాన్ని పౌరుషంగా భావించే ఆధిపత్య కులాల పిల్లవాడికి మరో ఇంటి లోపలి జీవితాన్ని చూపే కిటికీ అత్యవసరం. చట్టం శిక్షించగలదు, ఉపన్యాసం మందలించగలదు. పదిహేనేళ్ల వయసులో ఎదుటివాడి చర్మంలోకి దూరి రెండు వందల పేజీలు గడిపే అవకాశం ఒక్క కథే ఇస్తుంది.

అయితే తరగతి గదిలో ఈ కథలు చదివించడం సున్నితమైన పని. పుస్తకంలో కులం పేరు రాగానే కళ్లన్నీ ఒక పిల్లవాడి వైపు తిరిగితే, అద్దం కావలసిన పుస్తకం అతనికి బోను అవుతుంది. ‘నీ అనుభవం చెప్పు’ అని ఉపాధ్యాయుడు నలుగురిలో అడగడం దయలా కనిపించినా నిజానికి హింసే. చదివిన పిల్లవాడు మాట్లాడాలనుకుంటే వినాలి, మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని గౌరవించాలి. ప్రశ్నలు పాత్రల గురించి ఉండాలి, పిల్లల గురించి కాదు. కులం పేరును తిట్టుగా వాడిన పిల్లవాడి విషయంలో మాత్రం ఉపాధ్యాయుడు మౌనం వహించరాదు. ఉపాధ్యాయ శిక్షణలో ఈ అంశానికి ఒక్క పూట కేటాయించినా ఎంతో మేలు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. దళిత పిల్లవాడి కథంటే ఆకలి, అవమానం, చావు మాత్రమే అన్న ధోరణి మన ఎంపికల్లో ఉంది. ఆ కుర్రాడూ ప్రేమలో పడతాడు, క్రికెట్ ఆడతాడు, మొదటి జీతంతో చెల్లెకు గాజులు కొంటాడు, స్నేహితుడితో తగాదా పడి వారం రోజులు మాట్లాడడు. బాధను మాత్రమే చూపే అద్దంలో ఏ పిల్లవాడూ ఎక్కువసేపు చూసుకోలేడు. నవ్వుకునే హక్కు కూడా సామాజిక న్యాయంలో భాగమే.

కథలు చదివి ఏమి సాధిస్తారు, పోటీ పరీక్షల పుస్తకాలు ఇస్తే ఉద్యోగమైనా వస్తుంది కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. అన్యాయమైన ప్రశ్న కాదది. కానీ రెండో తరగతి పాఠం దగ్గర తడబడే పిల్లవాడు పోటీ పరీక్ష గైడును ఎట్లా దాటగలడు? చదవడం అలవాటయ్యేది ఆపకుండా పేజీ తిప్పించే పుస్తకంతోనే. బొంబాయి మిల్లు కార్మికుల వాడ పరేల్‌లో ఒక ఇరుకు గదిలో పెరిగిన విద్యార్థి అంబేడ్కర్‌కు కేలూస్కర్ అనే పెద్దమనిషి తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్రను బహూకరించారు. ఆ పుస్తకం తనను ఎంతగా కదిలించిందో అంబేడ్కర్ జీవితాంతంలో రాసుకున్నారు. అది సిలబస్ పుస్తకం కాదు. వోల్గా ఓడలో అంట్లు తోమే కుర్రాడు గోర్కీకి పుస్తకాల రుచి చూపినవాడు ఆ ఓడ వంటవాడు స్మూరీ. వంటపనులూ హోటల్ పనులూ చేస్తూ చదువుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకెళ్లి జనానికి అమ్మాడు. ఈ మూడు ఉదంతాల్లోనూ సరైన వయసులో సరైన పుస్తకాన్ని ఎవరో ఒకరు చేతికందించడం కనిపిస్తుంది. ఆ పని యాదృచ్ఛికంగా కాక వ్యవస్థాగతంగా జరిగేలా చూడటమే ఇప్పుడు మన బాధ్యత.

అందుకు కొత్త చట్టాలు అక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను వసూలు కావాలి. ఇన్ని పరిశ్రమలు, ఇన్ని భవంతులు వెలసిన ప్రాంతంలో ఆ పన్ను ఎంత వసూలైంది, ఎంత గ్రంథాలయాలకు చేరింది అన్నది విద్యార్థి సంఘాలు సమాచార హక్కు చట్టం కింద అడగవలసిన మొదటి ప్రశ్న. కంపెనీల చట్టం 2013 ప్రకారం పరిమితికి మించిన లాభాలున్న సంస్థలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో ప్రజా గ్రంథాలయాల స్థాపన స్పష్టంగా ఉంది. ఇస్నాపూర్‌లో, బొల్లారంలో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా, షిఫ్టు వేళలకు అనుగుణంగా తెరిచి ఉండే చదువుగదులు అడగడం దానం అడగడం కాదు. సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో కథల పుస్తకాలను బీరువాలో తాళం వేసి ఉంచకుండా పిల్లలే ఎంచుకునేలా అందుబాటులో పెట్టాలి. చదివిన ప్రతి కథకూ నీతి రాయమనే అలవాటు మానాలి. కార్మిక సంఘాలు తమ కార్యాలయంలో ఒక అల్మారా పెట్టి, తండ్రులూ అన్నలూ పిల్లల ఎదుట చదివే సన్నివేశాన్ని సాధ్యం చేయాలి. చదవడం ఆడవాళ్ల పని, మెతకవాళ్ల పని అన్న భావన పోయేది అప్పుడే. ఒడియా, హిందీ మాతృభాషగా గల పిల్లలకు ఆ భాషల పుస్తకాలూ ఉండాలి.

చివరిగా రచయితల వంతు. మనకు ‘కక్క’ పల్లె జీతగాడి కథ చెప్పింది. కాంట్రాక్టు కూలి కొడుకు కథ, నక్కవాగు పక్కన ఎదిగిన పిల్లవాడి కథ, ఫ్యాక్టరీ సైరన్‌తో నిద్రలేచి ఐఐటీ గోడ పక్కగా బడికి నడిచే కుర్రాడి కథ అంతే బలంగా రావాలి. అవి బయటివాళ్ల సానుభూతిలోంచి కాక, చదువుగదుల్లో కూర్చున్న పిల్లల్లోంచే వస్తే మరీ మంచిది. 1930లో ఇదే జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగింది. గ్రంథాలయాల నుంచి ఎదిగిన ఉద్యమమది. దాని వందేళ్ల సందర్భం 2030లో రానుంది. ఆనాటికి ఈ పారిశ్రామిక వాడల్లో ప్రతి బడికీ, ప్రతి హాస్టల్‌కూ ఇటువంటి వంద పుస్తకాలు చేర్చడం అసాధ్యమైన లక్ష్యమేమీ కాదు. విగ్రహాలకు, శతాబ్ది తోరణాలకు నిధులు వెతికే ముందు ప్రభుత్వమూ, పరిశ్రమలూ, దళిత బహుజన సంఘాలూ ఆ వంద పుస్తకాల జాబితా మీద కూర్చోవాలి.