తరుగు మీద తరుగు: రైతు చేతికి దక్కేదెంత?

గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చిన రైతు ముందుగా అడిగేది క్వింటాలు ధర. కాని చేతికి వచ్చే సొమ్మును తేల్చేది ధర ఒక్కటే కాదు. తేమకు, తాలుకు తూకంలో తీసే తరుగులు, ఆపైన కమిషన్ కూడా లెక్కలోకి వస్తాయి. ఒకదాని తరువాత ఒకటిగా తీసే ఈ శాతాలను కూడి, ఒకే కోతగా వేస్తే రైతు నష్టపోతాడు.

ఉదాహరణకు సరుకు 40 క్వింటాళ్లు, ధర రూ. 12,000 అనుకుందాం. మొత్తం విలువ రూ. 4,80,000. తేమకు 5 శాతం, తాలుకు 10 శాతం, కమిషన్ 2 శాతం ఒప్పుకున్నారు. కూడితే 17 శాతం. ఆ ప్రకారం పట్టీ రాస్తే రైతుకు వచ్చేది రూ. 3,98,400.

వరుసగా తీసి చూద్దాం. తేమ తరుగు పోగా మిగిలేది 38 క్వింటాళ్లు. తాలు తరుగు ఈ 38 మీదే తీయాలి, మిగిలేది 34.2 క్వింటాళ్లు. వాటి విలువ రూ. 4,10,400. అందులో కమిషన్ పోగా రూ. 4,02,192. రెండు లెక్కలకు తేడా రూ. 3,792.

దీనికి సులువైన పద్ధతి ఉంది. పోయేది కాక, మిగిలేది గుణించాలి. 0.95ను 0.90తో, వచ్చినదానిని 0.98తో గుణిస్తే 0.8379. అంటే అసలు కోత 16.21 శాతమే. ఏ శాతాన్ని ముందు వేసినా ఫలితం మారదు. నోటి లెక్కకైతే రెండు శాతాలను కూడి, వాటి లబ్ధంలో నూరో వంతు తీసివేయాలి. 5, 10 కలిపితే 15. లబ్ధం 50లో నూరో వంతు 0.5, కోత 14.5 శాతం.

బేరాలను పోల్చడానికీ ఇదే సాధనం. ఒకరు పై తరుగులతో రూ. 12,000 ఇస్తామంటే, మరొకరు తూకంలో ఏ తరుగూ లేకుండా రూ. 10,300 ఇస్తామనవచ్చు. మొదటి ధర పెద్దదిగా కనిపిస్తుంది. కాని 14.5 శాతం పోగా అది క్వింటాలుకు రూ. 10,260 మాత్రమే. కమిషన్ ఇద్దరిదీ ఒకటే అయితే రెండవ బేరమే మేలు.

ఒక్క విషయం గమనించాలి. తేమ, తాలు తరుగులు రెండింటినీ మొదటి తూకం మీదే తీయాలని ముందే ఒప్పుకుంటే ఆ రెండింటినీ కూడడమే సరి. అప్పుడు మిగిలేది 34 క్వింటాళ్లు. రైతుకు 20 కిలోలు తగ్గుతాయి. ధర ప్రకారం వాటి విలువ రూ. 2,400. కనుక ఎంత శాతమని మాత్రమే కాక, దేని మీద శాతమో కూడా కాటాకు ముందే అడిగి తెలుసుకోవాలి.

1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ రుసుము కొనుగోలుదారు చెల్లించవలసినది. అది రైతు పట్టీలో కోతగా కనిపిస్తే వెంటనే ప్రశ్నించాలి.