రాజవాక్యము: ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ నాటకమున నెనిమిదవ భాగము

అమెరికాదేశమందలి హెచ్.బి.ఓ. సంస్థ 2022వ సంవత్సరమున ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ అను టెలివిజను నాటకమును బ్రదర్శింప నారంభించెను. జార్జి ఆర్. ఆర్. మార్టిన్ 2018లోఁ బ్రకటించిన ‘ఫైర్ అండ్ బ్లడ్’ అను గ్రంథము దీనికి మూలము. వెస్టరాస్ అను కల్పితఖండమును, డ్రాగనులనెడి ఱెక్కల మహాసర్పముల బలముచే నేలిన టార్గేరియన్ వంశమున సింహాసనము కొఱకుఁ బుట్టిన కలహ మిందలి కథ. మొదటి కాండమందలి పది భాగములలో నెనిమిదవది, ‘ది లార్డ్ ఆఫ్ ది టైడ్స్’ అను పేరుగలది, ఆ యేఁడు అక్టోబరు 9వ తేదీన వెలువడెను. దీనికి రచయిత్రి ఐలీన్ షిమ్. దర్శకురాలు గీతా వసంత్ పటేల్. మూలగ్రంథమున లేని యొక సన్నివేశము నీ భాగము చివరఁ జేర్చిరి. మరణశయ్యపై నున్న రాజు పలికిన మాటను రాణి తప్పుగా గ్రహించుట యా సన్నివేశము. ఇంతటి యుద్ధమున కొక పొరపాటు కారణమగుట కథకు లోపమని పలువు రాక్షేపించిరి. ఆ యాక్షేపము నిలుచునా యని విచారించుటకే యీ వ్యాసము.

కథ నెఱుఁగనివారికిఁ బూర్వవృత్తాంతము కొంత చెప్పవలసియున్నది. వృద్ధరాజగు జెహేరిస్ తన తరువాత రాజ్య మెవరిదో నిర్ణయించుటకై, ఆ లోకపు శకమున 101వ యేఁట, హారెన్‌హాల్ కోటలో మహాసభను గూర్చెను. పెద్దకొడుకు కూఁతురగు రేనిస్ ఆఁడుదియని త్రోసిపుచ్చి, చిన్నకొడుకు కుమారుఁడగు విసేరిస్‌ను సభవారు వరించిరి. ఆ విసేరిస్ రాజై, భార్యయుఁ బురిటిబిడ్డయు మరణింపఁగా, కూఁతురగు రెనీరాను రాజ్యార్హురాలిగాఁ బ్రకటించి, సామంతులచేఁ బ్రమాణములు చేయించెను. పిమ్మట మంత్రియగు ఓటో హైటవర్ కూఁతురు అలిసెంట్‌ను బెండ్లాడెను. ఆమెకు ఏగన్ మున్నగు కుమారులు పుట్టినను రాజు తొలిమాటను మార్చుకొనలేదు. ఇందలి చిక్కును గమనింపుఁడు. ఏ న్యాయము ననుసరించి విసేరిస్ సింహాసన మెక్కెనో యా న్యాయమే యాతని కూఁతురికి సింహాసనము లేదనుచున్నది. కాఁబట్టి రెనీరా హక్కునకు రాజు నోటిమాట తప్ప వేఱాధారము లేదు.

ఎనిమిదవ భాగ మీ మాట బలమును రెండు తావులఁ బరీక్షించును. మొదటిది పగలు, నిండుసభలో. సముద్రాధిపతియగు కార్లిస్ వెలారియన్ యుద్ధమున గాయపడి చావుబ్రతుకుల నడుమ నుండును. ఆతని పీఠమునకు రెనీరా రెండవకొడుకు లూసెరిస్ వారసుఁడని పూర్వమే నిర్ణయమైనది. ఆ బాలుఁడు కార్లిస్ మనుమఁ డనుట పేరునకే గాని, పోలికలు హార్విన్ స్ట్రాంగ్ అను వీరునివని లోకమంతయు నెఱుఁగును. కార్లిస్ తమ్ముఁడు వేమండ్ రాజధానికి వచ్చి, రక్తసంబంధముచేఁ బీఠము తనదని వాదించును. తీర్పు చెప్పఁ గూర్చున్నవాఁడు రాజు గాఁడు. రాజునకు మాఱుగా ఓటో హైటవర్. లూసెరిస్ హక్కు పోయినచో నాతని తల్లి మాట మాత్ర మేమి నిలుచును? చిన్నపీఠపు వ్యాజ్యమునఁ బెద్దసింహాసనపు వ్యాజ్యమును నడపుట యిందలి రచనానైపుణ్యము.

అంతలో ద్వారములు తెఱచుకొనును. శరీరము కుళ్లి, ముఖము సగము బంగారు తొడుగుతోఁ గప్పుకొని, కఱ్ఱ నూఁతగాఁ గొని విసేరిస్ సభలోఁ బ్రవేశించును. ఆ నడక చాల సేపు సాగును. సభ యంతయు నిశ్శబ్దము. మెట్లకడఁ గిరీటము నేలఁ బడును. ఇన్నాళ్లు సింహాసనము నాసించిన తమ్ముఁడు డేమన్ దాని నెత్తి యన్న తలపైఁ బెట్టును. కిరీటము పడుట ముందు వ్రాసికొన్నది కాదనియు, చిత్రీకరణమున ననుకొనకుండ జరుగఁగా నుంచుకొంటిమనియు దర్శకురాలు చెప్పినది. ఏ నాటకకర్తయుఁ దలపోసి వ్రాయలేని సొగ సొక్కొకప్పు డిట్లు లభించును. విసేరిస్ పాత్ర ధరించిన పాడీ కన్సిడైన్ నటనకు ఈ నడక యొక్కటియే చాలు ననుట యతిశయోక్తి గాదు.

రాజు కూర్చున్న పిమ్మట సాక్ష్యము పలుకునది రేనిస్. ఆఁడుదియను కారణమున నొకప్పుడు సింహాసనమును గోల్పోయిన స్త్రీయే, నేఁడు మఱియొక స్త్రీ హక్కును నిలుపవలసివచ్చెను. వేమండ్ కోపమునఁ బట్టుదప్పి, రెనీరా బిడ్డలు జారజులని బిగ్గరగా నఱచును. ఆతఁడు చెప్పినది సత్యము. సత్యమని సభ కంతకుఁ దెలియును. రాజు నాలుక గోయింతునని కఠారి దూయుచుండఁగనే డేమన్ కత్తి వేమండ్ తలను రెండుగాఁ జీల్చును. మూలగ్రంథమున నీ వృత్తాంతము వేఱు: వేమండ్ అందు కార్లిస్‌కు సోదరపుత్రుఁడు, రెనీరా యాజ్ఞచే డేమన్ వానిని జంపును, రాజునొద్దకుఁ బోయి మొఱపెట్టుకొన్న బంధువులు నాలుకలను గోల్పోదురు. చెదరియున్న యా ఘటనల నొక్క సభకుఁ దెచ్చుటచే, రాజు సింహాసనముపై నున్నంతసేపు రాజవాక్యము కంటి యెదుటి సత్యమును గూడ జయింపఁగలదని చూపినట్లైనది.

ఆ రాత్రి విందు జరుగును. రాజు తొడుగు తీసి తన శిథిలముఖమును జూపి, కలహములు మానుఁడని వేఁడుకొనఁగా, రెనీరాయు నలిసెంటును నిజముగానే యొకరి నొకరు మెచ్చుకొందురు. రాజు లేచిపోఁగనే యలిసెంట్ రెండవకొడుకు ఏమండ్, రెనీరా కొడుకులను బలవంతులని పొగడును. ‘స్ట్రాంగ్’ అనఁగా బలవంతుఁడు; అదియే వారి జన్మరహస్యమగు నింటిపేరు. ఈ శ్లేషతో విందు కొట్లాటగా మాఱును. శ్లేషను జదువరులు గుర్తుంచుకొనవలెను. ఏలనఁగా వెనువెంటనే రెండవ శ్లేష రాఁబోవుచున్నది, పలికినవాఁ డెఱుఁగకుండ.

టార్గేరియన్ వంశకర్త పేరు ఏగన్. అతఁడు రాజ్యమును జయించినది, ఉత్తరమునుండి చీఁకటియుఁ జలియు వచ్చి లోకమును ముంచివేయునని కలగనుటచే నఁట. ఆ కల రహస్యముగా రాజునుండి వారసునకు సంక్రమించును. విసేరిస్ దానిని రెనీరాకు మాత్రమే చెప్పియుండెను. ఈ భాగముననే ముందొకరాత్రి రెనీరా తండ్రి మంచముకడఁ గూర్చుండి, ఆ కల నిజమని నమ్ముచున్నావా యని యడిగినది. గసగసాల పాలమత్తులో నున్న తండ్రి యప్పుడు బదులు సరిగాఁ జెప్పలేదు. మఱునాఁటి రాత్రి, విందు ముగిసిన పిదప, అదే మత్తులో, ప్రక్కనున్నది కూఁతురనుకొని యా ప్రశ్నకు బదులు చెప్పును: ఏగన్ కన్న కల నిజము, రాజ్యమును నిలుపవలసినదానవు నీవే. అక్కడ నున్నది యలిసెంట్. ఏగన్ అనఁగా నామెకుఁ దన కొడుకు. రాజు తుదకు మనసు మార్చుకొనెనని యామె నమ్మును. రాజు మరణించును. ప్రశ్న యొకరిది, ఉత్తర మింకొకరికిఁ జేరినది. అలంకారశాస్త్రమున శ్లేష చమత్కారమునకుఁ గారణము. ఇట రాజ్యనాశమునకుఁ గారణము.

మూలమున నిది లేదు. ‘ఫైర్ అండ్ బ్లడ్’ నవల గాదు. గిల్డేన్ అను కల్పితపండితుఁడు వ్రాసిన చరిత్రమని చెప్పఁబడినది. ఆతఁ డొక మతాచార్యుని వ్రాఁతను, ఒక యాస్థానవైద్యపండితుని వ్రాఁతను, ‘మష్రూమ్’ అను నాస్థానవిదూషకుని కబుర్లను ముందుంచుకొని, పాఠాంతరములు చూపుచుఁ గథ నడపును. తాళపత్రములతోఁ దంటాలుపడువారి కీ గ్రంథమున వినోద మెక్కువ. అందలి యలిసెంట్ మొదటినుండియుఁ గొడుకు రాజ్యమునకై పాటుపడునది, సంశయ మెఱుఁగదు. నాటకమునం దామెను రెనీరాకు బాల్యసఖిగా మార్చిరి. అట్టిదానిని వంచకురాలిగాఁ జేయుటకు మనసొప్పక, పొరపాటును గల్పించిరని యాక్షేపకుల భావము.

ఈ యాక్షేపమునకు సమాధానము తొమ్మిదవ భాగముననే యున్నది. తెల్లవాఱకమున్నే మంత్రాలోచనకు సభాసదులు గూడుదురు. రాజు తుదికోరిక యిదియని యలిసెంట్ చెప్పఁగా, ఓటోయుఁ దక్కినవారును ఏగన్ పట్టాభిషేకమున కెప్పుడో యేర్పాట్లు చేసికొనియుండిరని యామెకుఁ దెలియును. ఆమె వినినను వినకున్నను యుద్ధము తప్పదు. అందుచేఁ బొరపాటు యుద్ధమునకుఁ గారణము గాదు. అలిసెంట్ మనస్సాక్షికి మాత్రమే యూఁత. కుట్రపన్నినవారి నడుమ నొక్కర్తెకు ధర్మబుద్ధి మిగుల్చుటవలనఁ గథ బలిసినదే గాని చెడలేదని నా యభిప్రాయము. ఐతే మత్తులోని మాటకుఁ బ్రవచనమును గూడ ముడిపెట్టుట కొంత బరువైనదని యొప్పుకొనక తప్పదు. పేరొక్కటియే చాలియుండెడిది.

మరణశయ్యపై మాటకు చరిత్రమునను దార్కాణము గలదు. ఇంగ్లండులో మొదటి హెన్రీ తరువాతి యంతర్యుద్ధము తన కథకుఁ బ్రేరణమని మార్టినే చెప్పియున్నాఁడు. 1120 నవంబరు 25వ తేదీ రాత్రి ‘వైట్ షిప్’ అను నోడ మునుఁగుటచే హెన్రీకి ధర్మపత్నియందుఁ బుట్టిన యొక్కఁడే కుమారుఁడు విలియం మరణించెను. రాజు కూఁతురగు మటిల్డాను వారసురాలిగా నంగీకరింపుఁడని సామంతులచేఁ బ్రమాణములు చేయించెను. మేనల్లుఁడగు స్టీఫెన్‌యుఁ బ్రమాణము చేసినవాఁడే. 1135 డిసెంబరు 1వ తేదీన హెన్రీ నార్మండీలో మరణించెను. మూఁడువారములకే, 22వ తేదీన, స్టీఫెన్ పట్టాభిషిక్తుఁడయ్యెను. ప్రమాణభంగమునకు జంకిన ప్రధానమతాచార్యు నొప్పించుటకు, హ్యూ బిగాడ్ అను రాజోద్యోగి, హెన్రీ తుదియూపిరులయందు మనసు మార్చుకొని మమ్ముఁ బ్రమాణబంధమునుండి విడిపించెనని శపథముతో సాక్ష్యమిచ్చెను. 1139లోఁ బోపు సమక్షమున మటిల్డా పక్షమున వాదించిన బిషప్పు, ఆ బిగాడ్ మరణశయ్యకడ లేనేలేఁడని త్రోసివేసెను. యుద్ధము 1153 సంధితోఁ దీఱి, 1154లో మటిల్డా కొడుకు రెండవ హెన్రీ రాజయ్యెను. చరిత్రమునఁ గూటసాక్షి యున్నచోట నాటకకర్త లొక సత్యసంధురాలి నిలిపిరి. కల్లసాక్షిని శంకింపవచ్చును, నమ్మి చెప్పుదాని నెట్లు శంకింతుము?

పాత్రను నిర్దోషిగాఁ జేయుటకు మాటలో స్ఖాలిత్యమును గల్పించుట మనవారికిఁ గ్రొత్త గాదు. తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912 మొదలుకొని ప్రకటించిన, భాసునివని ప్రసిద్ధములగు పదుమూఁడు రూపకములలో ‘ప్రతిమానాటక’ మొకటి. అందాఱవయంకమునఁ గైకేయి, పదునాలుగు దినములని చెప్పఁబోయి మనస్సు కలఁగుటచేఁ బదునాలుగేండ్లని పలికితినని భరతునితోఁ జెప్పును. వాల్మీకి కైకేయి యెఱిఁగి యడిగినదానిని భాసుఁడు నోటిజాఱుగా మార్చెను. అట స్ఖాలిత్యము పలికినదానిది, ఇట విన్నదానిది. రెండుకథలందును నిండుసభలో నిశ్చయమైన రాజవాక్యమును నంతఃపురపు మాట జయించినది. భేద మంతయు రాజ్యము పొందిన కొడుకునందున్నది. భరతుఁడు వలదని పాదుకలను గొనిపోయెను. ఏగన్ సయితము వలదని దాఁగికొనును, పాఱిపోఁజూచును. కాని ధర్మభీతిచేఁ గాదు. జనులు జేజేలు పలుకఁగనే కత్తి నెత్తి యా ఘోషను జవిచూచును.

కథ యిక్కడ నాఁగలేదు. 2024 జూన్ 30వ తేదీన వెలువడిన రెండవ కాండము మూఁడవ భాగమున, రెనీరా మాఱువేషముతో రాజధాని దేవాలయము సొచ్చి, దీపముల నడుమఁ బ్రార్థించుచున్న యలిసెంట్‌ను గలిసికొనును. అప్పటికే లూసెరిస్ ఏమండ్ డ్రాగను వాతఁ బడెను. అలిసెంట్ మనుమఁడగు పసివాని తల గోయఁబడెను. మా తండ్రి నిజముగా నేమనెనని రెనీరా యడుగును. ఏగన్ పేరును, కల సంగతియు బయటఁ బడఁగనే, అది వంశకర్త కథయని రెనీరా చెప్పును. అలిసెంట్ ముఖము తెల్లఁబోవును. విన్నది తప్పని యామెకుఁ దెలిసినది. ఐనను నోట నొప్పుకొనక, సేనలు కదలినవి, కాలము మించినదని చెప్పి లేచిపోవును.