ప్రాంతీయ విమానయానం: ట్రూజెట్ సంస్థ చరిత్ర - ఉత్తర హైదరాబాద్ దృక్కోణం

వ్యాససంగ్రహం

హైదరాబాద్ కేంద్రంగా 2015 నుండి 2022 వరకు నడచిన ట్రూజెట్, తెలుగు ప్రాంతంలోని చిన్న పట్టణాలను అనుసంధానించిన విమానసంస్థ. దాని ప్రస్థానాన్ని, ఉడాన్ పథకంతో దానికున్న సంబంధాన్ని, కుత్బుల్లాపూర్ వంటి ఉత్తర శివారు ప్రాంత ప్రయాణికునికి దాని వల్ల ఒనగూరిన ప్రయోజన పరిమితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ట్రూజెట్, ఉడాన్, ఏటీఆర్, బేగంపేట, శంషాబాద్, కుత్బుల్లాపూర్.

1. పూర్వరంగం

హైదరాబాద్‌కు సొంత విమానసంస్థ ఉండటం కొత్త విషయం కాదు. నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాల భాగస్వామ్యంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటా విమానాలను నడిపింది. పలు సంస్థలు మహిళ అన్న కారణంతో తిరస్కరించిన ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగమిచ్చిన సంస్థగా దాని పేరు నిలిచింది. 1953లో ఎనిమిది ప్రైవేటు సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచినప్పుడు డెక్కన్ కూడా అందులో లీనమైంది. చిన్న పట్టణాల కోసమే ప్రత్యేకించిన ప్రభుత్వ సంస్థ వాయుదూత్ 1981లో వచ్చి, 1990లలో అదే గూటికి చేరింది. ఆ తరువాత విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఎయిర్ కోస్టా ఎంబ్రాయర్ జెట్ విమానాలను ఎంచుకోగా, ట్రూజెట్ పంకాలతో నడిచే టర్బోప్రాప్ విమానాలను ఎంచుకొన్నది. రెండింటి ఆయుష్షులో కనిపించే తేడాకు ఈ ఎంపిక కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

2. సంస్థ స్థాపన, విమానాల ఎంపిక

టర్బో మేఘా ఎయిర్‌వేస్ అన్నది సంస్థ అధికారిక నామం. వంకాయలపాటి ఉమేష్, సినీనటుడు రామ్‌చరణ్ దాని తొలినాటి ప్రముఖులు. ‘మేఘా’ అన్న మాట సూచించే మేఘా ఇంజనీరింగ్ సంస్థ ప్రధాన కార్యాలయం బాలానగర్ పారిశ్రామికవాడలో ఉంది. జీడిమెట్ల, బాలానగర్ పరిశ్రమల మధ్య ఎదిగిన పెట్టుబడి శంషాబాద్ నుండి ఎగిరే విమానంగా మారడం, ఈ ప్రాంత ఆర్థికచరిత్రను అధ్యయనం చేసేవారు గుర్తించదగిన అంశం.

2015 జూలైలో అనుమతిపత్రం లభించిన కొద్దిరోజులకే, గోదావరి పుష్కరాల సమయంలో, సర్వీసులు మొదలయ్యాయి. తిరుపతి, రాజమహేంద్రవరం తొలి గమ్యాలలో ఉన్నాయి. సంస్థ నడిపినవి ఏటీఆర్ 72 శ్రేణి విమానాలు. సుమారు డెబ్బై సీట్లు, గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగం. హైదరాబాద్ నుండి కడపకు ఆకాశమార్గంలో సుమారు 300 కిలోమీటర్లు, రాజమహేంద్రవరానికి 360, తిరుపతికి 420. ఇంత తక్కువ దూరంలో జెట్ విమానం తన వేగాన్ని చూపేలోపే దిగవలసి వస్తుంది; ఇంధనం మాత్రం ఎక్కువ తాగుతుంది. పైగా 40,000 కిలోల లోపు బరువుగల విమానాలకు ఇంధనంపై రాష్ట్రాల పన్ను తక్కువ. 80 సీట్ల లోపు విమానాలకు ప్రభుత్వ విమానాశ్రయాలలో ల్యాండింగ్ రుసుము మినహాయింపు. వ్యాపార నమూనా మొత్తం ఈ రాయితీల ఆధారంగానే నిలిచింది.

3. ఉడాన్: మూడేళ్ల ఊతం

2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి సర్వీసులను ప్రధాని ప్రారంభించినప్పుడు సిమ్లా-ఢిల్లీతోపాటు ట్రూజెట్ నడిపిన కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ సర్వీసులు కూడా ఉన్నాయి. తొలి విడతలో ఐదు సంస్థలకు 128 మార్గాలు దక్కగా, అందులో ట్రూజెట్ వాటా 18. పథకం ప్రకారం విమానంలో దాదాపు సగం సీట్లను పరిమిత ధరకు అమ్మాలి. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలు. లోటును కేంద్రనిధి, రాష్ట్రప్రభుత్వం కలిసి మూడేళ్లు భర్తీ చేస్తాయి. ఆ కాలంలో ఆ మార్గంపై ఉడాన్ కింద మరో సంస్థకు ప్రవేశం లేదు.

కడప మార్గానికి 2017 ఏప్రిల్‌లో మొదలైన మూడేళ్లు, మూల లెక్క ప్రకారం, 2020 ఏప్రిల్‌లో ముగియాలి. సరిగ్గా అప్పుడే, మార్చి 25 నుండి రెండు నెలలపాటు, దేశీయ విమానాలన్నీ నేలమీదే ఉన్నాయి. సొంత కాళ్లపై నిలబడవలసిన క్షణంలోనే ఆదాయం సున్నాకు చేరింది. విమానాల అద్దె మాత్రం ఆగేది కాదు. అంతకుముందే, 2017 డిసెంబరులో, ఇండిగో తన తొలి ఏటీఆర్‌ను హైదరాబాద్ నుండే ఎగురవేసింది. చిన్న విమానాల రంగంలోకి పెద్ద సంస్థ దిగడంతో, తిరుపతి, రాజమహేంద్రవరం వంటి రద్దీ మార్గాల లాభంతో పలుచని మార్గాల నష్టాన్ని పూడ్చుకొనే వీలు ట్రూజెట్‌కు తగ్గింది. కోవిడ్‌ను మాత్రమే కారణంగా చూపే వాదన ఈ సంగతిని విస్మరిస్తుంది.

2022 ఫిబ్రవరిలో సంస్థ సర్వీసులను నిలిపివేసింది. ‘తాత్కాలికం’ అన్నారు, మళ్లీ ఎగరలేదు.

4. కుత్బుల్లాపూర్ నుండి చూసినప్పుడు

ఉడాన్ లెక్కలు విమానాశ్రయం నుండి విమానాశ్రయానికి. ప్రయాణికుని లెక్క ఇంటిగుమ్మం నుండి. 2008 మార్చి 23న బేగంపేట మూతపడి శంషాబాద్ తెరుచుకొన్నప్పుడు, ఈ రెండు లెక్కల మధ్య దూరం నగరపు ఉత్తరదిశలోనే అత్యధికంగా పెరిగింది. సుచిత్ర, జీడిమెట్ల వాసులకు బేగంపేట దాదాపు పక్కవీధి. శంషాబాద్ నగరానికి ఆవలి కొస. బాహ్యవలయ రహదారి చివరి భాగమైన కండ్లకోయ కూడలి పూర్తయ్యేసరికి 2018 వచ్చింది. ఆకాశంలో హకీంపేట, దుండిగల్ శిక్షణ విమానాలను రోజూ చూసే ఈ ప్రాంతవాసులకు, ఎక్కవలసిన విమానం మాత్రం గంటకు పైగా ప్రయాణదూరంలో ఉంటుంది.

నాందేడ్ ఉదాహరణను తీసుకొందాం. శంషాబాద్ చేరడానికి గంటన్నర, ముందస్తు తనిఖీలకు గంట, గగనయానం గంట, దిగిన తరువాత మరి కొంత సమయం: మొత్తం నాలుగు గంటలు. సికింద్రాబాద్-నాందేడ్ రైలుమార్గమేమో బొల్లారం, మేడ్చల్ మీదుగానే పోతుంది. ప్రయాణం సుమారు ఐదు గంటలు. ఒక గంట ఆదా కోసం రైలు ఛార్జీకి ఎన్నోరెట్లు చెల్లించే మేడ్చల్ వాసి అరుదు. కడప విషయం భిన్నం. అక్కడికి రైలంటే రాత్రంతా ప్రయాణం. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావలసిన న్యాయవాదికో, వైద్యానికి వచ్చే రోగికో విమానం నిజమైన ప్రత్యామ్నాయం. కనుక రెండు మార్గాలనూ ఒకే పథకం, ఒకే కాలపరిమితి కింద చూడటం విధానపరమైన లోపమే.

శంషాబాద్ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. ఆ పరిధిలో మరో విమానాశ్రయానికి నిర్వాహక సంస్థ సమ్మతి అవసరమైంది. బీదర్‌కు అది లభించి, 2020 ఫిబ్రవరిలో ట్రూజెట్ బెంగళూరు నుండి అక్కడికి సర్వీసు నడిపింది. వరంగల్ మామునూరుకు కేంద్రం ఆమోదం 2025లో గాని రాలేదు.

5. తదనంతర స్థితి

ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో 371 మాత్రమే మొదలయ్యాయని, మూడేళ్లు పూర్తిచేసినవి 112 అని, 2023 మార్చి నాటికి రాయితీ లేకుండా కొనసాగినవి 54 అని కాగ్ 2023 నివేదిక తేల్చింది. ట్రూజెట్‌ను ఒక నిర్వహణ వైఫల్యంగా మాత్రమే చదవడం ఈ అంకెల ముందు నిలవదు. దేశంలో ఆ విడతలలో ఎంపికైన మార్గాలలో అధికభాగం గతి ఇదే.

ట్రూజెట్ ఆగిన తరువాత కడప ఆకాశం ఎక్కువకాలం ఖాళీగా లేదు. 2022 మార్చి చివరిలో ఇండిగో ఏటీఆర్ అక్కడ దిగింది. రాష్ట్రప్రభుత్వం లోటు భర్తీకి ఒప్పుకొన్న తరువాతే.