మంట పెంచితే ముక్క ఉడకదు: పండ్ల పులుసులో పంది మాంసం వెనుక సైన్సు

ఖర్కయి నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, మరో ఒడ్డున ఆదిత్యపూర్. కర్మాగారాల్లో పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. జార్ఖండ్‌లో పంది మాంసం చాలా ఇళ్లలో మామూలు వంటకమే. రాంచీలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం టామ్‌వర్త్ జాతిని నాటు పందితో సంకరపరచి 'ఝార్సుక్' అనే రకాన్ని కూడా రూపొందించింది.

ఆదిత్యపూర్‌లో ఓ ఇంట రాత్రి విందు అనుకుందాం. చింతపండు, అనాసపండు పులుసులో పంది మాంసం గంట నుంచి ఉడుకుతోంది. వదిన గారు ముక్క నొక్కి చూసి, "ఇంకా రబ్బరులాగే ఉంది, మంట పెంచనా?" అని అడిగారు. పెంచకూడదు. ఎందుకో చూద్దాం.

గట్టిపడ్డాకే మెత్తబడుతుంది

పంది భుజం మాంసంలో కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక అది ముడుచుకుని కండలోని నీటిని పిండేస్తుంది. అందుకే ముక్క మొదట గట్టిపడుతుంది. 70 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంచితే అదే కొలాజెన్ కరిగి జిలటిన్‌గా మారుతుంది. ముక్క విడిపోతుంది, పులుసు చిక్కబడుతుంది. గంట దగ్గర ఆపేస్తే దక్కేది రబ్బరే. సన్నని సెగ మీద మూతపెట్టి రెండు మూడు గంటలు మగ్గనివ్వాలి.

మూత బిగించని గిన్నెలో నీరు ఉన్నంతవరకు వేడి దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మంట పెంచితే నీరు త్వరగా ఆవిరవుతుంది, అంతే. తొందరగా కావాలంటే ప్రెషర్ కుక్కరే దారి. పీడనం వల్ల అందులో వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది.

1912 నాటి రెండు సంగతులు

ముక్కలను ముందుగా తడి తుడిచి నూనెలో ఎర్రగా వేయించాలి. తడి ఉంటే ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. 140 డిగ్రీల ప్రాంతంలో అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి కమ్మని వాసనలు, గోధుమ రంగు పుట్టిస్తాయి. ఈ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించాడు. నేటి జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు దిమ్మ తయారైందీ ఆ ఏడాదే.

పండు ఎప్పుడు వేయాలి?

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కొవ్వు వెగటును తగ్గిస్తుంది. దాని రసాన్ని మొదటే పోయవచ్చు. పచ్చి అనాసలోని బ్రొమెలైన్ ఎంజైమ్ ప్రొటీన్లను తెంపుతుంది. పచ్చి మాంసాన్ని అందులో ఎక్కువసేపు నానబెడితే పైభాగం పిండిలా అవుతుంది. ఉడికిన అనాసలో ఆ ఎంజైమ్ పనిచేయదు. తీపి పండు అడుగంటి మాడే ప్రమాదం ఉంది కనుక చివరి అరగంటలో వేస్తే మేలు. పులుపు అల్యూమినియాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కాబట్టి స్టీలు గిన్నె వాడాలి.

అసలు ప్రమాదం గిన్నెలో లేదు

పంది మాంసం అనగానే చాలామందికి గుర్తొచ్చేది బద్దెపురుగు. మాంసంలో దాని తిత్తులు ఉండి, సరిగా ఉడకకపోతే, తిన్నవారి పేగుల్లో పురుగు పెరుగుతుంది. గంటల తరబడి మగ్గిన ముక్కలో తిత్తులు బతకవు.

మూర్ఛకు కారణమయ్యే మెదడు తిత్తులు మాత్రం మాంసం నుంచి నేరుగా రావు. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు చేతులు, నీళ్లు, పచ్చి కూరగాయల ద్వారా నోట్లోకి చేరితే వస్తాయి. పంది మాంసం ముట్టని వారికీ ఈ జబ్బు రావచ్చు. ఈ వ్యాధి పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అంటే విందులో ఎక్కువ జాగ్రత్త కావలసింది పక్కన పెట్టే పచ్చి ఉల్లి, కీర, కొత్తిమీర విషయంలో. వాటిని శుభ్రమైన నీటితో బాగా కడగాలి. వండేవారు, తినేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట సలాడ్‌కు వాడకూడదు.

మిగిలిన కూరను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున మూత తీస్తే పులుసు జెల్లీలా పేరుకుని కనిపిస్తుంది. అది పాడవడం కాదు, రాత్రి కరిగిన కొలాజెనే. పొగలు కక్కేలా వేడిచేస్తే మళ్లీ పులుసవుతుంది.