నేలలో కలిసే ప్యాకేజింగ్: పదార్థం, పదం, ప్రమాణం

కీలకపదాలు: ప్యాకేజింగ్, జీవవిచ్ఛిన్నత, కంపోస్టు, పీఎల్‌ఏ, అడ్డాకు, జనపనార.

1. ఉపోద్ఘాతం

వస్తువు చెడిపోకుండా, ఒలికిపోకుండా వాడుకరికి చేర్చడం ప్యాకేజింగ్ ప్రధాన ప్రయోజనం. పొట్లం, దొప్ప, గంప, గోనెసంచి వంటి తెలుగు మాటలన్నీ ఈ ప్రయోజనాన్ని తెలిపేవే. వీటికి వాడిన ఆకు, వెదురు, జనపనార పని తీరాక మట్టిలో కలిసేవి. నేడు ‘బయోడిగ్రేడబుల్’ ముద్రతో వస్తున్న సంచులు, పళ్ళాలు కూడా అలాగే కలిసిపోతాయనుకోవడం సహజం. ఆ భావన ఎంతవరకు సరైనదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జీవవిచ్ఛిన్నత – కంపోస్టు యోగ్యత

సూక్ష్మజీవుల చర్యవల్ల పదార్థం కార్బన్ డయాక్సైడ్, నీరు, జీవద్రవ్యం వంటి రూపాలలోకి మారడమే జీవవిచ్ఛిన్నత. ఈ మాట కాలాన్ని గాని, స్థలాన్ని గాని చెప్పదు. కంపోస్టు యోగ్యత అలా కాదు. అది నిర్ణీత పరిస్థితులకు, నిర్ణీత కాలానికి కట్టుబడిన లక్షణం. ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం ప్రకారం నియంత్రిత కంపోస్టులో 180 రోజులలోపు 90 శాతం జీవవిచ్ఛిన్నత జరగాలి. ఈ పరీక్షను సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వద్ద నిర్వహిస్తారు.

పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ ఇందుకు మంచి ఉదాహరణ. మొక్కజొన్న, చెరకు వంటి పంటల చక్కెరలను పులియబెట్టగా వచ్చే లాక్టిక్ ఆమ్లంతో దీనిని తయారుచేస్తారు. కంపోస్టు కేంద్రంలోని వేడికి ఇది త్వరగా విడిపోతుంది. పెరటి మట్టిలో, సముద్రపు నీటిలో ఆ వేడి ఉండదు కనుక చాలా నెమ్మదిగా మారుతుంది. పంట నుంచి పుట్టినంత మాత్రాన పొలంగట్టున పారేయదగినది కాదన్నమాట.

3. విస్తరి: ఆకు, అట్ట, పొర

తూర్పు కనుమలలో ఆదివాసులు సేకరించే అడ్డాకులను పుల్లలతో కుట్టి విస్తళ్ళు తయారుచేస్తారు. తెలంగాణలో మోదుగాకు విస్తళ్ళు ప్రసిద్ధం. ఆకు, పుల్ల రెండూ నేలలో కలుస్తాయి. యంత్రాలతో అచ్చువేసే కొన్ని రకాలలో మాత్రం ఆకుకు అట్టను, పలుచని ప్లాస్టిక్ పొరను జతచేస్తున్నారు. పులుసు కారకుండా ఆపే ఆ పొర, ఆకు కుళ్ళిన తరువాత కూడా మిగిలిపోతుంది. ఎంగిలి విస్తరిని పశువు తింటే పొర దాని కడుపులోకి చేరుతుంది. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పులదీ ఇదే సమస్య. పైకి కనిపించే పదార్థం ఒకటి, మిగిలేది మరొకటి.

4. నిబంధనలు

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశంలో నిషిద్ధం. చేతిసంచుల కనీస మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. కంపోస్టబుల్ ప్లాస్టిక్ సంచులకు ఈ మందం నియమం వర్తించదు. ఈ మినహాయింపువల్ల ముద్రకు విలువ పెరిగింది. తప్పుడు ముద్రకు ఆశ కూడా పెరిగింది. ఇందుకు భిన్నంగా, ఆహారధాన్యాలకు, చక్కెరకు జనపనార సంచుల వాడకాన్ని తప్పనిసరి చేసే అధికారాన్ని 1987 నాటి చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. గోనెసంచి పలుమార్లు వాడుకకు వస్తుంది. చివరికి నేలలో కలుస్తుంది.

5. ముగింపు

పై పరిశీలననుబట్టి ప్యాకేజింగ్ పదార్థం మంచిచెడ్డలను దాని పుట్టుకతో మాత్రమే నిర్ణయించలేమని తెలుస్తుంది. ఏ పరిస్థితిలో, ఎన్నాళ్ళలో, ఏమీ మిగల్చకుండా కలుస్తుందో ముద్రపై తెలుగులో స్పష్టంగా ఉండాలి. కంపోస్టబుల్ వ్యర్థాలను విడిగా సేకరించి తగిన కేంద్రానికి చేర్చే ఏర్పాటు లేని ఊరిలో ఆ సంచి మామూలు చెత్తలోనే చేరుతుంది. అటువంటి చోట్ల పొర లేని ఆకు విస్తరి, గుడ్డసంచి, గోనెసంచి మరింత నమ్మదగినవి. ఆకు విస్తరికి గిరాకీ నిలిస్తే అడవిలో ఆకు కోసే కుటుంబాలకు ఆదాయమూ నిలుస్తుంది.