మన భాషలోనే అడగవచ్చు



మన కోలారు జిల్లాలో ఆఫీసు కాగితాలు కన్నడంలో ఉంటాయి. ఇళ్ళలో మాట మాత్రం శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెల్లో చాలామందికి తెలుగు. 2001లో గనులు మూతపడిన కె.జి.ఎఫ్. కాలనీల్లో తమిళం, తెలుగు, ఉర్దూ. వికలాంగుల దరఖాస్తులు నింపడంలో కుటుంబాలకు సాయపడుతూ నేను గమనించింది ఇది: వైకల్యానికి తోడు భాష కూడా అడ్డమైతే, చట్టం ఇచ్చిన హక్కు చేతికి అందదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు లభిస్తాయి. సర్టిఫికెట్‌కు, యు.డి.ఐ.డి. కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. కన్నడ ఫారాల్లో ‘వికలచేతనరు’ అంటే వికలాంగులని అర్థం.

వైద్య పరీక్ష దగ్గర జాగ్రత్త అవసరం. పిల్లల బుద్ధిని, మాటను ఇంట్లో వినని భాషలో పరీక్షిస్తే, భాష రాకపోవడం మానసిక లోపంగా కనిపించవచ్చు. నిజమైన లోపాన్ని ‘భాష రాదులే’ అని వదిలేయనూవచ్చు. అందుకే పరీక్షకు ముందే ఇంటి భాష ఏదో డాక్టరుకు చెప్పండి. రెండు భాషలూ వచ్చిన వారిని వెంట తీసుకువెళ్ళండి. నిర్ణయం సరికాదనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

‘మాకు కన్నడం రాయడం రాదు కదా’ అని ఊరుకోవద్దు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకోవచ్చు. తెలుగులో రాసి, కన్నడ అనువాదం జతచేస్తే పని తొందరగా జరుగుతుంది. నకలు దగ్గరుంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి. పంచాయతీలోని గ్రామ పునర్వసతి కార్యకర్తను, అవసరమైతే జిల్లా వికలచేతనర కల్యాణాధికారిని కలవండి.

విద్యార్థులారా, మీరు బడిలో కన్నడం చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మీ వీధిలో ఒక్క కుటుంబానికి ఆ రెండింటి మధ్య వంతెన కండి. అయితే వికలాంగుల పక్షాన నిలబడటమంటే వారి నోటి మాట లాక్కోవడం కాదు. ముందు వారినే అడగండి, వారు చెప్పింది చెప్పినట్టు అధికారికి వినిపించండి.