వేయి రూపాల వైరస్‌... బిడ్డను చేరేది ఏది?

హెచ్‌ఐవి ఉన్న తల్లికి పుట్టిన ప్రతి బిడ్డకూ హెచ్‌ఐవి రాదు. ఏ మందూ వాడకపోయినా నూటికి 15 నుంచి 45 మందికే వస్తుంది. తల్లి క్రమం తప్పకుండా మందులు వాడితే అయిదుగురి లోపే. మరి ఒక బిడ్డకు వచ్చి మరో బిడ్డకు ఎందుకు రాదు? వచ్చినవాళ్లలో కొందరికి కొన్ని మందులు ఎందుకు పనిచేయవు? జవాబులో చాలా భాగం వైరస్‌ జన్యువుల్లోనే ఉంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె... 2022 వరకు ఈ మూడూ గుంటూరు జిల్లా ఊళ్లే. 2004-05లో ఆ జిల్లాలో పరిశోధకులు ఊరూరా తిరిగి 12 వేల మందికి పైగా రక్తం పరీక్షించారు. పెద్దవాళ్లలో దాదాపు 1.7 శాతం మందికి హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. మగవాళ్లలో ఎంతో ఆడవాళ్లలోనూ దాదాపు అంతే. ఇల్లు దాటని ఇల్లాలికీ వైరస్‌ సోకిందంటే... ముప్పు కాన్పు గది దాకా వచ్చినట్టే కదా!

తప్పుల నకలు

హెచ్‌ఐవి జన్యు సమాచారం సుమారు 9,700 అక్షరాల చీటీ లాంటిది. మందులు వాడనివారి ఒంట్లో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. ప్రతిసారీ ఆ చీటీకి నకలు తీయాలి. ఆ పని చేసే ఎంజైముకు తప్పులు దిద్దుకోవడం చేతకాదు. ఒక అక్షరం అటూ ఇటూ అయితే కొత్త రూపం పుట్టినట్టే. కొన్నేళ్లు గడిచేసరికి తల్లి ఒంట్లో ఉండేది ఒక వైరస్‌ కాదు, పెద్ద బలగం. ఇంటిపేరు ఒకటే, ముఖాలు వేరు. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఇంటిపేరు ‘సి’ రకం.

ఇరుకు దారి

వైరస్‌ బిడ్డను చేరే దారులు మూడు. కడుపులో ఉండగా, కాన్పు సమయంలో, తల్లిపాల ద్వారా. తల్లీబిడ్డల వైరస్‌ జన్యువులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తల్లిలో అన్ని రూపాలున్నా, బిడ్డలో ఎక్కువసార్లు కనిపించేది ఒకటో రెండో. మిగతావాటిని మాయ, తల్లి ప్రతిరక్షకాలు చాలావరకు ఆపేస్తాయి. ఆ ప్రతిరక్షకాల కన్నుగప్పే రూపాలే బిడ్డకు చేరుతున్నట్టు 2006లో కెన్యా తల్లీబిడ్డలపై వెలువడిన అధ్యయనం చెప్పింది.

ఒక్క మాత్ర నేర్పిన పాఠం

1999లో ఉగాండా నుంచి మంచి కబురొచ్చింది. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక్క నెవిరపిన్‌ మాత్ర, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు కాస్త సిరప్‌ ఇస్తే చాలు, అప్పట్లో వాడుతున్న మరో మందుతో పోలిస్తే బిడ్డలకు సోకడం దాదాపు సగానికి తగ్గింది. మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ అదే పద్ధతి వచ్చింది. ఎందరో పసివాళ్లను కాపాడింది.

కానీ వైరస్‌ ఊరుకోలేదు. దాని ఎంజైములో 103వ స్థానంలో ఒక్క మార్పు జరిగితే చాలు, నెవిరపిన్‌ పట్టు సడలిపోతుంది. ఆ ఒక్క మాత్ర తర్వాత మలావీలో ‘సి’ రకం ఉన్న తల్లుల్లో పదిమందికి దాదాపు ఏడుగురిలో మందుకు లొంగని రూపాలు బయటపడ్డాయి. ఉగాండాలో ఎక్కువగా ఉన్న ‘ఎ’, ‘డి’ రకాల్లో అంతమందిలో కనిపించలేదు. ‘సి’ రకమే ఎక్కువగా ఉన్న మన దేశానికి ఇది హెచ్చరికే.

అందుకే పద్ధతి మారింది. 2014 జనవరి 1 నుంచి దేశమంతటా హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మూడు మందుల చికిత్స మొదలైంది. ఒక మందును తప్పించుకున్న రూపాన్ని మిగతా రెండూ పట్టేస్తాయి. నకళ్లు తగ్గితే తప్పులూ తగ్గుతాయి. ఇరుకు దారి దగ్గర కాచుకునే వైరస్‌లే కరువవుతాయి.

పుట్టింటికి వెళ్తే...

ఈ లెక్క తప్పేది మాత్ర మానేసినప్పుడే. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. రేపల్లె కోడలు బాపట్ల చేరుతుంది. మాత్రలు అయిపోతాయి. ఎవరైనా చూస్తారని ఆస్పత్రికి వెళ్లదు. అమ్మకు చెప్పలేదు, వదినకు అనుమానం. ఆ నాలుగు వారాలు చాలు, అణిగిన వైరస్‌ మళ్లీ లేవడానికి. మందులు ఒంట్లోంచి ఒక్కసారిగా పోవు. అరకొరగా మిగిలిన మందు మధ్య పెరిగే వైరస్‌ దానికి లొంగకుండా ఉండటం నేర్చుకుంటుంది. ఆ రూపమే బిడ్డకు చేరితే, పుట్టిన రోజు నుంచే ఒక మందు చేజారినట్టు.

బయల్దేరే ముందు ఏఆర్‌టీ కేంద్రంలో చెబితే అక్కడి దగ్గరలోని కేంద్రానికి పేరు మారుస్తారు. మందులు ఉచితం. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవి సంగతి బయటపెట్టడం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టానికి విరుద్ధం.

ఇవి మరవొద్దు

* గర్భం తెలియగానే హెచ్‌ఐవి పరీక్ష చేయించుకోవాలి. భర్తకూ చేయించాలి.

* పుట్టిన బిడ్డకు డాక్టర్‌ చెప్పినన్ని వారాలు మందు తాగించాలి.

* ఆరు వారాలకు బిడ్డ రక్తంలో వైరస్‌ జన్యువుల కోసం పరీక్ష చేస్తారు. మామూలు పరీక్షలో తల్లి ప్రతిరక్షకాలే కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు చూపొచ్చు. అందుకే తుది నిర్ధారణ 18 నెలలకు.

* మొదటి ఆరు నెలలూ తల్లిపాలే. పోతపాలు కలిపి పట్టొద్దు.